షెఫీల్డ్‌ని ఉక్కు నగరం అంటారు, మరి ఆ ఫ్యాక్టరీలు ఏవి? అసలు ఈ ఊరు ఇక్కడ ఎందుకు పెరిగింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మాస్టర్స్ చదవడానికి షెఫీల్డ్ వచ్చి నాలుగు నెలలైంది, అందరూ స్టీల్ సిటీ అంటారు, మీకేమో కొండలు, చెట్లు, స్టూడెంట్ ఫ్లాట్లు, మెడోహాల్ మాల్ తప్ప ఇంకేమీ కనిపించలేదు. సముద్రం లేదు, ఓడలు తిరిగే నది లేదు, చెప్పుకోదగ్గ ఇనుప గని లేదు. అలాంటప్పుడు ఇంత పరిశ్రమ ఇక్కడికి ఎలా వచ్చింది, వచ్చింది ఎటు పోయింది?

నేను మెటలర్జిస్టుని. మన దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో ఎనిమిదేళ్ళు చేశాను, 2004 నుంచి ఇక్కడే టూల్ స్టీల్ హీట్ ట్రీట్‌మెంట్‌లో, అంటే పనిముట్ల ఉక్కుని వేడిచేసి గట్టిపరిచే పనిలో ఉన్నాను. వచ్చిన కొత్తలో నాకూ ఇదే అనుమానం. ఆ అనుమానంతోనే వీకెండ్స్‌లో పాత వర్క్‌షాపుల వెంట తిరగడం మొదలుపెట్టాను, ఇప్పుడు వాటిని చూడటానికి వచ్చేవాళ్ళకి వాలంటీర్‌గా వివరిస్తుంటాను కూడా.

సూటిగా చెప్పాలంటే: ఈ ఊరిని పెంచింది కొండల మీంచి దిగే చిన్న వాగులు, సానరాళ్ళు, ఒక పని వందల ఏళ్ళు చేసి చేసి చేతికి వచ్చిన నేర్పు. టన్నుల లెక్కన అమ్మే స్టీలు చాలావరకు ఇక్కడి నుంచి 1880ల నాటికే వెళ్ళిపోయింది. కష్టమైన స్టీలు మిగిలింది, ఇప్పటికీ ఉంది. ఆ పనిలో బతికే వేలాది కుటుంబాలు మాత్రం 1980లలో రోడ్డున పడ్డాయి. మీరు చూస్తున్న ఖాళీ ఆ 1980లది.

ఇక వివరంగా.

మీరు ట్రైన్ దిగిన స్టేషన్ కింద రెండు వాగులు పారుతున్నాయి, గమనించి ఉండరు, ఎందుకంటే పైన సొరంగం కట్టేశారు. ఒకటి పోర్టర్, ఇంకోటి షీఫ్. ఊరి పేరు ఆ షీఫ్ మీదే వచ్చింది. రివెలిన్, లాక్స్‌లీ, డాన్ కలిపితే మొత్తం ఐదు. మన కృష్ణా గోదావరులతో పోలిస్తే ఇవి పిల్లకాలువలే, ఆ మాటకొస్తే మా ఊరి పంటకాలువ వీటికంటే వెడల్పు. కానీ ఇవి పడమటి కొండల మీంచి తక్కువ దూరంలో చాలా ఎత్తు దిగుతాయి. చక్రం తిప్పడానికి కావలసింది నీరు ఎంత ఉందన్నదొక్కటే కాదు, ఎంత ఎత్తు నుంచి పడుతుందన్నది కూడా. ఒక చోట చిన్న కట్ట కట్టి, పక్కనే చెరువులా నీళ్ళు నిలిపి, కాలువ తవ్వి చక్రం మీద వదులుతారు, కింద మళ్ళీ అదే నీరు, ఇంకో కట్ట, ఇంకో చక్రం. ఒక్క రివెలిన్ లోయలోనే మూడు మైళ్ళలోపు దూరంలో ఇరవై దాకా ఉండేవి. 18వ శతాబ్దం చివరికి ఐదింటి మీదా కలిపి వంద దాటాయి.

ఆ చక్రాలు తిప్పింది ఏమిటనుకున్నారు? ఎక్కువగా సానరాళ్ళని. కత్తికి ప్రాణం పదును కదా. రాయి కూడా దగ్గరే దొరుకుతుంది. స్టానేజ్ ఎడ్జ్‌కి ట్రెకింగ్‌కి వెళ్తే కొండ కింద గడ్డిలో చెక్కి వదిలేసిన పెద్ద పెద్ద తిరగలిరాళ్ళు పడి ఉంటాయి చూడండి. సన్నటి సానరాయి రోథరమ్ పక్కన విక్కర్స్‌లీ నుంచి వచ్చేది. నీరు, రాయి, బొగ్గు, కొలిమికి కట్టెలు అన్నీ ఒక రోజు నడకలో దొరికాయి.

నాణ్యమైన ఇనుము మాత్రం దొరకలేదు. ఇది చాలామంది తప్పుగా చెప్పే విషయం. ఇక్కడి ఖనిజంలో భాస్వరం ఎక్కువ, మామూలు పనిముట్లకు సరిపోతుంది కానీ మంచి ఉక్కుకి పనికిరాదు. అందుకని మేలురకం ఇనుప కడ్డీలు స్వీడన్ నుంచి ఓడల్లో హల్ రేవుకు వచ్చి, అక్కడి నుంచి నదుల మీద పడవల్లో కొంత, బండ్ల మీద కొంత ఇక్కడిదాకా వచ్చేవి. సరుకు దూరం నుంచి తెచ్చుకుని, పనితనం కలిపి, మళ్ళీ దూరానికే అమ్మడం, అదీ ఈ ఊరి వ్యాపారం. 1751 దాకా పడవ పక్కనున్న టిన్స్‌లీ వరకు కూడా రాలేదు, ఊళ్ళోకి కాలువ వచ్చింది 1819లో. అంటే రవాణా సౌకర్యం వచ్చి ఊరు పెరగలేదు, ఊరు పెరిగాక రవాణా వచ్చింది.

వయసు సంగతి. 1297 పన్ను లెక్కల్లో రాబర్ట్ అనే కత్తుల పనివాడి పేరు ఉంది. 14వ శతాబ్దం చివరి ఇంగ్లీషు కవిత్వంలో ఒక మిల్లు యజమాని దగ్గర షెఫీల్డ్ చాకు ఉందని వస్తుంది, అంటే అప్పటికే చెప్తే జనానికి తెలిసే పేరన్నమాట. షీఫ్, డాన్ కలిసే చోట ఒక కోట ఉండేది, స్కాట్లండ్ రాణి మేరీని 1570 నుంచి 1584 దాకా ఎక్కువ కాలం ఈ ఊళ్ళోనే బందీగా ఉంచారు. కోటని 1640ల అంతర్యుద్ధం తర్వాత పడగొట్టారు. ఈ రాజుల కథ ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది 1616 నాటి ఒక చిన్న జనాభా లెక్క. ఊళ్ళో మొత్తం 2,207 మంది. అందులో 725 మంది ఇరుగుపొరుగు పెడితే తప్ప బతకలేని బీదలు. మూడో వంతు! దాని తర్వాత ఎనిమిదేళ్ళకే, 1624లో, కత్తుల పనివాళ్ళ సంఘానికి పార్లమెంటు చట్టం వచ్చింది. ఎవరు పని నేర్చుకోవచ్చు, ఎన్నేళ్ళు శిష్యరికం చేయాలి, ఎవరి గుర్తు ఎవరు వేసుకోవాలి అన్నీ వాళ్ళే చూసేవాళ్ళు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది, కెథడ్రల్ ఎదురుగా వాళ్ళ హాలు చూసే ఉంటారు.

ఇప్పుడు నా సబ్జెక్టు, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

అప్పట్లో ఉక్కు ఎలా చేసేవాళ్ళంటే, ఇనుప కడ్డీలని కట్టెబొగ్గు పొడిలో పేర్చి రాతి పెట్టెల్లో మూసి వారం పైగా కాల్చేవాళ్ళు. కార్బన్ పైనుంచి లోపలికి మెల్లగా ఇంకుతుంది, కడ్డీ మీద బుడిపెలు వస్తాయి. ఇబ్బంది ఏమిటంటే పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. కత్తికి ఎలాగో సర్దుకోవచ్చు కానీ గడియారం స్ప్రింగుకి కుదరదు, ఒకే తీరుగా లేకపోతే విరుగుతుంది. డాన్‌కాస్టర్‌లో గడియారాలు చేసే బెంజమిన్ హంట్స్‌మన్‌కి ఇదే తలనొప్పి. 1740ల్లో షెఫీల్డ్ పక్కన హ్యాండ్స్‌వర్త్‌లో మకాం పెట్టి, ఆ ఉక్కు ముక్కల్ని మట్టి మూసలో (క్రూసిబుల్ అనే కుండలో) వేసి కోక్, అంటే శుద్ధి చేసిన బొగ్గు మంట మీద పూర్తిగా కరిగించాడు. కరిగితే అంతా కలుస్తుంది, మలినం పైకి తేలుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ దాదాపు 1,600 డిగ్రీల దగ్గర పగలకుండా నిలిచే మట్టి మూస చేయడంలో ఉంది అసలు విద్య అంతా.

ఊళ్ళో కత్తులవాళ్ళు మొదట ఈ ఉక్కు వద్దన్నారు, మరీ గట్టిగా ఉంది, సుత్తికి లొంగదన్నారు. హంట్స్‌మన్ ఫ్రాన్స్‌కి అమ్ముకున్నాడు. ఫ్రెంచి కత్తులు వచ్చి షెఫీల్డ్ కత్తుల్ని దెబ్బకొడుతుంటే, అప్పుడు మేలుకుని ఎగుమతి ఆపించాలని చూశారు, అది కుదరక చివరికి తామే కొన్నారు.

అబీడేల్ ఇండస్ట్రియల్ హామ్లెట్ అని ఊరికి దక్షిణంగా ఒక మ్యూజియం ఉంది, అక్కడ ఆ మూస ఉక్కు కొలిమి చెక్కుచెదరకుండా ఉంది. అక్కడికి వెళ్తే మూసలు చేసే గది చూడండి. మట్టిని గంటల తరబడి ఒట్టికాళ్ళతో తొక్కేవాళ్ళు, చిన్న రాయి ముక్కో గాలి బుడగో ఉంటే పాదానికి తెలుస్తుందని. అది మిగిలిపోతే మూస మంటలో పగిలి, కరిగిన ఉక్కు కొలిమిపాలు అవుతుంది. మా తాతగారి ఊళ్ళో కుమ్మరి మట్టి తొక్కడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కాబట్టి, ఆ గదిలో మొదటిసారి నిలబడినప్పుడు నాకు గొంతు పట్టేసింది. అంత కష్టపడి చేసిన మూస రెండు మూడు కాపులకే అయిపోతుంది. కాళ్ళకి తడి గోనెపట్టాలు చుట్టుకుని, ఆ నిప్పుగుంటలోంచి మూసని పటకారుతో పైకి లాగడం ఒక మనిషి పని.

ఇక్కడ మన తెలుగువాళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్న: ఇది మన దగ్గర నుంచి ఎత్తుకుపోయిందేనా? వాట్సాప్‌లో అలాగే తిరుగుతోంది. నిజం ఇది. తెలంగాణలో నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవాళ్ళు, అది డమాస్కస్ కత్తులకి ఇరాన్ దాకా వెళ్ళేది. 1820ల్లో అక్కడికి వెళ్ళిన వాయిసీ అనే సర్వే సర్జన్, ఇరాన్ వ్యాపారి అక్కడే ఉండి ఉక్కు కొనుక్కుంటున్నాడని రాశాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'వూట్జ్' అన్నారు, ఆ మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. కానీ లండన్ శాస్త్రవేత్తలు వూట్జ్‌ని గట్టిగా పరీక్షించడం మొదలుపెట్టింది 1790ల్లో, పియర్సన్ వ్యాసం 1795లో వచ్చింది, అంటే హంట్స్‌మన్ పని మొదలై యాభై ఏళ్ళయ్యాక. పద్ధతులు కూడా వేరు. దక్షిణ భారతంలో చాలాచోట్ల ఇనుముని ఆకులు, కట్టెలతో కలిపి మూసలో మూసి చాలా మెల్లగా చల్లార్చేవాళ్ళు, ఆయన అప్పటికే ఉక్కైనదాన్ని కరిగించి పోత పోశాడు. కాబట్టి దొంగతనం అనడానికి ఆధారం లేదు. అయితే తర్వాత, 1820 ప్రాంతంలో, మైకేల్ ఫారడే వూట్జ్ రహస్యం పట్టుకోవాలని ఉక్కులో వెండి, ప్లాటినం లాంటివి కలిపి చూశాడు, వాటిలో కొన్నిటిని పెద్ద ఎత్తున పోసి చూసింది షెఫీల్డ్‌లోనే. అల్లాయ్ స్టీల్ పరిశోధనకి తొలి అడుగుల్లో అదొకటి, దాని వెనుక మన కమ్మరుల ఉక్కు ఉంది. నాకు ఈ నిజం చాలు, దాని మీద కల్పన అక్కర్లేదు.

మాంచెస్టర్ లాంటి ఊళ్ళతో దీన్ని కలపకండి. అక్కడ ఒక యజమాని, ఒక పెద్ద మిల్లు, వందల మంది కూలీలు. ఇక్కడ 19వ శతాబ్దం సగం దాకా ఎక్కువ పని 'లిటిల్ మెస్టర్' అనే చిన్న పనివాళ్ళది. ఒకడు కాల్చి సాగగొడతాడు, ఒకడు సానపడతాడు, ఒకడు పిడి వేస్తాడు, చాకు ఒక గది నుంచి ఇంకో గదికి వీధుల్లో నడుస్తుంది. సానపట్టేవాడు పెద్ద షెడ్డులో ఒక రాయి ముందు చోటుకి అద్దె కట్టి, తన పని తను చేసుకునేవాడు. ఒక రకంగా స్వతంత్రుడు. కానీ ఆ స్వాతంత్ర్యం ఖరీదు ఊపిరితిత్తులతో చెల్లించారు. రాతిపొడి, ఇనుపపొడి పీల్చి పీల్చి చచ్చిపోయేవాళ్ళు. తడిరాయి మీద కొంత నయం, పొడిరాయి మీద పట్టే ఫోర్కులవాళ్ళు ముప్పై ఏళ్ళ చుట్టుపక్కలే పోయేవాళ్ళని అప్పటి డాక్టర్లు రాశారు. దుమ్ము లాగే ఫ్యాన్లు వచ్చాక కూడా కొందరు పనివాళ్ళే వద్దన్నారు, ఎక్కువమంది ఎక్కువ కాలం బతికితే పనికి పోటీ పెరిగి కూలి తగ్గుతుందని. ఆ వాక్యం మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మనిషి అలా లెక్క వేసుకోవాల్సి వచ్చిందంటే ఆ ఇళ్ళల్లో పరిస్థితి ఎలా ఉండాలి!

అదే టెన్షన్ హింసగా కూడా బయటపడింది. సంఘానికి చందా కట్టనివాడి చక్రం పట్టీ ఎత్తుకుపోవడంతో మొదలై, 1860ల్లో గన్‌పౌడర్, తుపాకీ దాకా వెళ్ళింది. 1867లో విచారణ వేశారు. రంపాలు సానపట్టేవాళ్ళ సంఘం నాయకుడు బ్రాడ్‌హెడ్, శిక్ష ఉండదన్న హామీ మీద, తనే డబ్బిచ్చి చేయించానని ఒప్పుకున్నాడు. ఈ గొడవ మీద దేశమంతా జరిగిన చర్చ తర్వాతే, 1871లో, కార్మిక సంఘాలకు చట్టంలో చోటు దొరికింది.

జనం ఎంత వేగంగా పెరిగారో చూడండి: 1801లో దాదాపు 60 వేలు, 1901లో 4 లక్షల 51 వేలు. 1832 దాకా ఈ ఊరికి సొంత పార్లమెంటు సభ్యుడే లేడు, అదే ఏడు కలరా వచ్చి 402 మంది పోయారు. నీళ్ళ కోసం లాక్స్‌లీ లోయ పైన డేల్ డైక్ ఆనకట్ట కట్టారు, మొదటిసారి నిండుతుండగానే 1864 మార్చి 11 రాత్రి తెగింది. నిద్రలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే కొట్టుకుపోయారు, కనీసం 240 మంది. హిల్స్‌బరో వైపు ఉంటున్నారని రాశారు కదా, ఆ నీళ్ళు అటుగానే వచ్చాయి.

పెద్ద ఫ్యాక్టరీలు వచ్చింది రైలు తర్వాత. 1838లో రోథరమ్‌కి రైలు పడింది, డాన్ లోయ తూర్పున అటర్‌క్లిఫ్, బ్రైట్‌సైడ్ వైపు చదునైన నేల ఉంది, జాన్ బ్రౌన్, కామెల్, ఫర్త్, విక్కర్స్ లాంటి ఉక్కు కంపెనీలవాళ్ళందరూ అక్కడ పాతుకున్నారు. కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే తన పద్ధతిని ఎవరూ నమ్మట్లేదని హెన్రీ బెస్సెమర్ 1858లో తనే ఇక్కడ కంపెనీ పెట్టాడు. మూసలో ఒకసారికి పాతిక కిలోలు వచ్చే చోట, అరగంటలో టన్నులు. రైలుపట్టాలు ఇక్కడి నుంచి ప్రపంచమంతా వెళ్ళాయి.

కానీ ఇక్కడే అసలు మలుపు, చాలామంది దీన్ని వదిలేస్తారు. పట్టా బరువైన సరుకు, చౌక సరుకు. ఖనిజం ఓడలో దిగే చోట చేసి అక్కడే ఓడ ఎక్కిస్తే లాభం. 1880ల మొదట్లో కామెల్ కంపెనీ పక్కనే ఉన్న డ్రాన్‌ఫీల్డ్ నుంచి తన పట్టాల ఫ్యాక్టరీ మొత్తాన్ని ఊడదీసి సముద్రపు ఒడ్డున వర్కింగ్‌టన్‌కి తీసుకుపోయింది. మన విశాఖ ప్లాంటుని తీరంలో కట్టడానికి ఏ లెక్క వేశారో, అదే లెక్క. అంటే షెఫీల్డ్ ఒకసారి అప్పుడే చచ్చిపోవాలి. చావలేదు, ఎందుకంటే ఇంకెవరికీ చేతకాని స్టీలు వైపు జరిగింది. యుద్ధనౌకల కవచాలు, ఫిరంగులు, టంగ్‌స్టన్ కలిపిన కోత పనిముట్లు. 1882లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన మాంగనీస్ స్టీలు, కొట్టేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది, రైలు క్రాసింగులకి ఇప్పటికీ అదే. 1913లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరగకుండా ఉండే స్టీలు వెతుకుతూ, దాదాపు 13 శాతం క్రోమియం వేస్తే తుప్పు పట్టట్లేదని కనిపెట్టాడు. మన వంటింటి స్టీలు గిన్నెల తాత అదే అంటారు కానీ, చిన్న సవరణ: ఆయనది కత్తులకు పనికొచ్చే రకం. గిన్నెలకు వాడే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ రకం 1920ల్లో, బ్రియర్లీ పనిచేసిన ల్యాబ్‌ని ఆయన తర్వాత నడిపిన హ్యాట్‌ఫీల్డ్ పేరుతో ముడిపడింది.

రెండో ప్రపంచ యుద్ధంలో 1940 డిసెంబరు 12, 15 రాత్రుల్లో బాంబులు పడి 660 మందికి పైగా చనిపోయారు. మగవాళ్ళు యుద్ధానికి వెళ్తే ఆడవాళ్ళు ఫర్నేసుల దగ్గర పనిచేశారు, సిటీ హాల్ ముందున్న ఇద్దరు స్త్రీల విగ్రహం వాళ్ళదే, 2016లో గానీ పెట్టలేదు. యుద్ధం తర్వాత పని ఎక్కువై యెమెన్ నుంచి, పాకిస్తాన్ నుంచి మనుషులు వచ్చారు. 1951లో జనాభా 5 లక్షల 77 వేలు, అదే శిఖరం.

తర్వాతి కథ తొందరగా చెప్తాను, చెప్పడానికి బాధగా ఉంటుంది. విదేశీ పోటీ, పాత యంత్రాలు, 1967 జాతీయీకరణ, 1980లో 13 వారాల స్టీలు సమ్మె, ఆ వెంటనే మూతలు. 1983లో ఆ హ్యాడ్‌ఫీల్డ్ కంపెనీని మూసేశారు. మీరు షాపింగ్‌కి వెళ్ళే మెడోహాల్ 1990లో కట్టింది ఆ స్థలంలోనే. నాతో పనిచేసిన ఒక పెద్దాయన ఆ మాల్‌లోకి ఇప్పటికీ అడుగుపెట్టడు.

ఆయన గురించి ఒక్కటి చెప్పాలి. మా దగ్గర ఒకసారి డైలు (లోహాన్ని అచ్చు వేసే ఉక్కు దిమ్మెలు) వరసగా పగిలాయి. కంప్యూటర్ రికార్డులో టెంపరేచర్ సరిగ్గానే ఉంది, నేను రెండు రోజులు స్టీలు కెమిస్ట్రీ మీద పడి కొట్టుకున్నాను. ఆయన వచ్చి ఫర్నేసు తలుపు తీయించి లోపలి రంగు చూసి, "ఇది చాలా వేడిగా ఉంది, నీ థర్మోకపుల్ అబద్ధం చెప్తోంది" అన్నాడు. వేడి కొలిచే ఆ సాధనం మార్చి చూస్తే దాదాపు 40 డిగ్రీలు తేడా. ఆయన తండ్రి, తాత ఇద్దరూ ఫర్నేసు పనివాళ్ళే. స్వీడన్ ఇనుముని ఇన్ని వందల ఏళ్ళు ఈ కొండల మధ్యకి రప్పించింది అలాంటి కళ్ళే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పటి సంగతి: బ్రైట్‌సైడ్‌లో షెఫీల్డ్ ఫోర్జ్‌మాస్టర్స్ అనే కంపెనీ పెద్ద పెద్ద ఫోర్జింగులు (కాల్చి సాగగొట్టిన ఉక్కు భాగాలు) చేస్తోంది, 2021లో బ్రిటన్ రక్షణ శాఖ దాన్ని కొనేసింది, అణు జలాంతర్గాముల భాగాలకి అది తప్పనిసరి కాబట్టి. 1984లో బొగ్గు కార్మికులకీ పోలీసులకీ ఘర్షణ జరిగిన ఓర్‌గ్రీవ్ నేల మీద, పక్కనా ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ళ అధునాతన తయారీ పరిశోధన కేంద్రం, కొత్త ఇళ్ళు ఉన్నాయి. ఇంజనీరింగ్ విద్యార్థి అయితే అక్కడ ప్రాజెక్టుకి తప్పకుండా ప్రయత్నించండి.

ఒక ఆదివారం ఖాళీ చేసుకుని కెల్హమ్ ఐలాండ్ మ్యూజియానికి వెళ్ళండి, 1905 నాటి 12,000 హార్స్‌పవర్ ఆవిరి ఇంజను ఉంది, దాన్ని నడిపి చూపించే టైమింగ్స్ ముందే కనుక్కోండి, నడవకుండా చూస్తే సగమే చూసినట్టు. అక్కడి నుంచి డాన్ ఒడ్డున మెడోహాల్ వైపు నడవండి. దారిలో గట్టు మీద అంజూర చెట్లు కనిపిస్తాయి. ఈ చలిదేశంలో నది ఒడ్డున వాటంతట అవి మొలవాల్సినవి కావు. ఫ్యాక్టరీలు ఫర్నేసుల్ని చల్లార్చి వదిలిన నీళ్ళతో నది ఏడాది పొడుగునా వెచ్చగా ఉన్న రోజుల్లో, మురుగులో కొట్టుకొచ్చిన గింజలు మొలిచి చెట్లయ్యాయి. నీరు చల్లబడి నలభై ఏళ్ళయింది, చెట్లు మాత్రం ఇంకా ఉన్నాయి.